ఇంట్లోనే ఆఫీసు: నెట్‌వర్క్‌లో గీత ఎక్కడ గీయాలి?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. ఒడిశా సరిహద్దు వెంట మనవాళ్లు ఉన్న ఏ ఊరు చూసినా, వీధి వైపు ముందుగది ఆఫీసుగా మారిన ఇళ్లు బోలెడు కనిపిస్తాయి. ఒక ఇంట్లో టాలీ లెక్కలు, జీఎస్టీ రిటర్నులు. పక్కింట్లో పట్టుచీరల ఆర్డర్లు. ఎదురింట్లో హైదరాబాదు కంపెనీకి ఇక్కణ్ణించే పనిచేసే అమ్మాయి. ఎక్కడైనా ఇంటర్నెట్ కనెక్షను ఒకటే, కంపెనీవాళ్లు గోడకు బిగించిపోయిన డబ్బా, అంటే రౌటర్, ఒకటే. ఆఫీసు కంప్యూటర్లూ, గుమ్మం మీది కెమెరా, హాల్లో టీవీ, పిల్లల ఫోన్లు, పండక్కి వచ్చిన చుట్టాల ఫోన్లు అన్నీ ఆ డబ్బాకే వేలాడుతుంటాయి.

వీటిని వేర్వేరు నెట్‌వర్కులుగా విడదీయాలనుకోవడం మంచి ఆలోచనే. కాని విడదీయమని చెప్పేవాళ్లు చాలామంది "తీగతో ఉన్నవి ఒక నెట్‌వర్క్, వైఫై మీద ఉన్నవి ఇంకో నెట్‌వర్క్" అని చెప్తారు. ఆ గీత తప్పు చోట పడుతోందన్నది నా వాదన. అందులో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయాయి. ఏ పరికరానికి తీగ వేయాలన్నది మొదటిది. అది వేగానికీ నిలకడకూ సంబంధించిన ప్రశ్న. పరికరం కదులుతుందా, ఒకేచోట ఉంటుందా అని చూస్తే దానికి జవాబు దొరుకుతుంది. ఏ పరికరం దేనితో మాట్లాడవచ్చన్నది రెండోది. ఇది భద్రత ప్రశ్న. ఆ పరికరాన్ని ఎంతవరకు నమ్మవచ్చన్నదే దీనికి కొలత. రెండిటికీ ఒకే గీతతో జవాబు చెప్పబోతే, నమ్మదగిన ఆఫీసు ల్యాప్‌టాప్ వైఫై మీద ఉన్న పాపానికి బయట పడుతుంది, ఎన్నేళ్లుగానో ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) మార్చని కెమెరా డీవీఆర్ (రికార్డింగు పెట్టె) తీగతో ఉంది కాబట్టి లెక్కల కంప్యూటరు పక్కన కూర్చుంటుంది.

ముందు ఒక అపోహ తీసేయాలి. తీగ వేసినంత మాత్రాన ఏదీ విడిపోదు. ఇంటి రౌటర్‌లో వెనక ఉండే నాలుగు లాన్ పోర్టులూ (ఇంటి పరికరాల తీగలు గుచ్చే చోట్లు), దాని వైఫై రేడియోలూ లోపల ఒకే వంతెనకు కట్టి ఉంటాయి. టీవీ వైఫై మీదుండి, కంప్యూటరు తీగ మీదున్నా ఇద్దరికీ 192.168.1 తో మొదలయ్యే చిరునామాలే వస్తాయి. ఒకరు అందరినీ పిలుస్తూ వేసిన బ్రాడ్‌కాస్ట్ కేక ఇంకొకరికి వినిపిస్తుంది. షాపులో కొన్న మామూలు నెట్‌వర్క్ స్విచ్ మధ్యలో పెట్టినా అంతే. అది పోర్టుల సంఖ్యను పెంచుతుంది గాని ఎవరినీ ఎవరి నుంచీ వేరు చేయదు.

తీగ దేనికి వేయాలి

కదలని ప్రతిదానికీ వేయాలి. డెస్క్‌టాప్, ప్రింటరు, డీవీఆర్, టీవీ, వైఫై యాక్సెస్ పాయింట్ (తీగ మీద వచ్చిన నెట్‌ను వైఫైగా పంచే పెట్టె). కారణం గాలి. వైఫైలో ఒక చానల్ మీద ఒక సమయంలో ఒక్కరే మాట్లాడగలరు, మిగిలినవాళ్లు ఆగాలి. పక్కింటి రౌటర్ కూడా అదే చానల్ మీదుంటే వాళ్లతోనూ వంతులు పంచుకోవాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని చానళ్లు 1, 6, 11 మూడే. పైగా నెమ్మదిగా మాట్లాడే పరికరం ఎక్కువసేపు గాలిని పట్టుకుంటుంది. అదే సమాచారాన్ని 60 ఎంబీపీఎస్‌తో పంపేదానికంటే 6 ఎంబీపీఎస్‌తో పంపే పాత ప్రింటరు పది రెట్ల సమయం తీసుకుంటుంది. ఆ సమయమంతా వీడియో కాల్ మాట్లాడే ల్యాప్‌టాప్ వాటాలోంచి పోయేదే. ప్లాను 100 ఎంబీపీఎస్ అయినా గొంతు తెగడం, రిమోట్ డెస్క్‌టాప్‌లో అక్షరాలు ఆగి ఆగి పడడం ఇందుకే. ఈథర్‌నెట్ తీగలో ప్రతి పరికరానికీ తన దారి తనదే, పంపడం, తీసుకోవడం ఒకేసారి జరుగుతాయి.

మన పాత వీధుల ఇళ్లకు ఇది మరీ వర్తిస్తుంది. బరంపురం పాత పేటల్లో రెండు పక్కలా గోడ కలిసి, ముందు నుంచి పెరటి వరకూ గది వెనక గదిగా సాగే పొడవాటి ఇళ్లున్నాయి. కంపెనీవాళ్లు డబ్బాను వీధి గదిలో బిగిస్తారు. వెనక గదికి చేరాలంటే సిగ్నల్ మూడు నాలుగు అడ్డగోడలు దాటాలి. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ అన్ని గోడలు దాటదు, 2.4 దాటినా పక్కింటివాళ్ల రౌటర్లతో పోటీ పడుతుంది. వైఫై ఎక్స్‌టెండరు కొంటే అది విన్నదాన్నే మళ్లీ గాలిలో చెప్పాలి కాబట్టి ఉన్న వేగం సుమారు సగానికి పడిపోతుంది. ముందు నుంచి వెనక్కి ఒక్క తీగ లాగి, చివర యాక్సెస్ పాయింట్ పెట్టడమే సరైన మందు.

తీగ కొనేటప్పుడు పెట్టె మీద సీసీఏ అని ఉంటే వద్దనండి. అది అల్యూమినియం మీద రాగి పూత వేసిన తీగ. నిరోధం ఎక్కువ, వంచితే విరుగుతుంది, తీగ మీదుగా కెమెరాకు కరెంటు పంపే పీఓఈ పెడితే దూరంలో వోల్టేజీ పడిపోతుంది. పూర్తి రాగి క్యాట్ 6 చాలు. 100 మీటర్ల వరకూ 1 గిగాబిట్ పోతుంది, మన ఇళ్లలో 30 మీటర్లు దాటడమే అరుదు. క్రింపింగ్ (తీగలను కనెక్టరులో నొక్కి బిగించడం) రెండు చివరలా ఒకే వరసలో ఉండాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. తీగ పైతొడుగు కనెక్టరు లోపలికి వెళ్లి నొక్కుకుని ఉండాలి. వేసిన వెంటనే కంప్యూటర్లో లింకు వేగం చూడండి. 1 గిగాబిట్ రావాల్సిన చోట 100 మెగాబిట్ చూపిస్తే ఎనిమిది తీగల్లో ఏదో ఒకటి పట్టలేదన్నమాట. 100 మెగాబిట్‌కు రెండు జతలు చాలు, గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. ఇంటర్నెట్ "వస్తోంది" కదా అని దీన్ని వదిలేస్తే, గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలికి ఆ సగం పట్టిన తీగే ముందు పోతుంది.

పిడుగుల సంగతి విడిగా చెప్పాలి. వేసవి చివర ఉరుములతో వచ్చే గాలివానలు ఇక్కడ ఏటా ఉండేవే. గేటు మీది కెమెరాకో, పెరట్లో విడిగా ఉన్న గదికో లాగిన రాగి తీగ దగ్గర్లో పడిన పిడుగు ప్రభావాన్ని నేరుగా స్విచ్‌లోకి తెస్తుంది, అక్కణ్ణించి ప్రతి కంప్యూటరుకూ. విడి మీటరు, విడి ఎర్తింగు ఉన్న రెండు కట్టడాల మధ్య రాగి తీగ అసలు వేయకూడదు. రెండు చివరలా మీడియా కన్వర్టర్లు (రాగి తీగను ఫైబర్‌కు కలిపే పెట్టెలు) పెట్టి ఫైబర్ వేయాలి. బయటి కెమెరాలకు విడిగా ఒక చిన్న పీఓఈ స్విచ్ పెట్టి, వాటి తీగల మీద సర్జ్ ప్రొటెక్టర్లు ఎర్తింగుతో సహా బిగించండి. అప్పుడు కాలినా ఆ చిన్న స్విచ్‌తో ఆగే అవకాశం ఎక్కువ.

నమ్మకం దగ్గర గీత

ఇప్పుడు అసలు విషయం. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ప్రపంచమంతా పాకింది. అది ఎక్కిన పరికరాల్లో చాలావరకు డీవీఆర్‌లూ, ఐపీ కెమెరాలూ, రౌటర్లూ. కంపెనీ పెట్టి పంపిన పాస్‌వర్డును ఎవరూ మార్చకపోవడమే దానికి దారి. ఆ ఏడాది అక్టోబరు 21న డైన్ అనే డీఎన్‌ఎస్ సంస్థను (సైట్ల పేర్లకు చిరునామాలు చెప్పే సంస్థ) అది పడగొడితే అమెరికాలో పెద్ద పెద్ద సైట్లు ఆగిపోయాయి. 2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వనాక్రై వచ్చింది. అది విండోస్ ఫైల్ షేరింగు వాడే 445 పోర్టులోంచి (ఇది తీగ గుచ్చే పోర్టు కాదు, సాఫ్ట్‌వేర్ వాడే తలుపు నంబరు), ఒకే నెట్‌వర్క్‌లోని ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటరుకు ఎవరూ ఏమీ నొక్కకుండానే దూకింది. తీగ మీదున్నావా గాలి మీదున్నావా అని ఆ రెండూ అడగలేదు. వనాక్రైకి ఒకే నెట్‌వర్క్‌లో ఉండడమే చాలింది. టాలీ డేటా ఫోల్డరును షేర్ చేసి పెట్టుకున్న ప్రతి ముందుగది ఆఫీసుకూ ఇది నేరుగా తగిలే సంగతి. ఆ ఫోల్డర్లలో ఉన్నది మన ఒక్కరి లెక్కలు కావు. ఊళ్లో నలభై యాభై మంది వర్తకుల పాన్ నంబర్లు, ఆధార్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు. మనల్ని నమ్మి ఇచ్చినవి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి తరువాత, ముందు ఆ నమ్మకానికి మనం జవాబుదారులం.

నా లెక్కలో ఇంటికి మూడు నెట్‌వర్కులు చాలు. ఆఫీసు ఒకటి: పని కంప్యూటర్లు, పని ల్యాప్‌టాప్, ప్రింటరు, బ్యాకప్ డిస్కు. ఇల్లు ఒకటి: కుటుంబం ఫోన్లు, పిల్లల కంప్యూటరు, చుట్టాలు. వస్తువులు ఒకటి: డీవీఆర్, కెమెరాలు, టీవీ, స్మార్ట్ బల్బులు. ప్రతిదాంట్లోనూ తీగవీ ఉంటాయి, వైఫైవీ ఉంటాయి. పగలు డెస్కు మీద తీగకు తగిలించి, రాత్రి మంచం మీద వైఫైలో వాడే పని ల్యాప్‌టాప్ రెండు చోట్లా ఆఫీసు నెట్‌వర్క్‌లోనే ఉండాలి. తీగ-వైఫై గీత గీసినవాళ్లకు ఇదే మొదటి తలనొప్పి. పగలు కనిపించిన ప్రింటరు రాత్రి కనిపించదు. ఇంకో ముఖ్యమైన సంగతి: ల్యాప్‌టాప్‌కు ఆఫీసు తీగ పెట్టి, వైఫైని ఇంటి నెట్‌వర్క్‌కు కలిపే ఉంచితే ఆ ల్యాప్‌టాప్ రెండు నెట్‌వర్కుల్లోనూ ఒకేసారి నిలబడుతుంది. ఇంటి వైపు నుంచి ఏదైనా దాన్ని పట్టుకుంటే ఆఫీసులోకి దారి దొరికినట్టే. తీగ పెట్టినప్పుడు వైఫై ఆపండి, లేదా ఆ ల్యాప్‌టాప్‌లో ఇంటి వైఫై పాస్‌వర్డును మరిచిపోయేలా చేయండి.

మూడుకు మించి పెట్టమని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ఒప్పుకోను. ప్రతి వైఫై పేరూ సెకనుకు సుమారు పదిసార్లు తన ఉనికిని చాటుకుంటుంది, అదీ అత్యంత నెమ్మదైన వేగంతో. పేర్లు పెరిగేకొద్దీ గాలి వాటికే ఖర్చవుతుంది. నియమాలు పెరిగేకొద్దీ ఇంట్లోవాళ్లు విసిగి, ఆఫీసు పాస్‌వర్డే అందరికీ ఇచ్చేస్తారు.

చవకైన దారులు, వాటి లొసుగులు

అన్నిటికంటే తేలిక, ఉన్న డబ్బాలోనే గెస్ట్ వైఫై తెరవడం. పది నిమిషాల పని, రూపాయి ఖర్చు లేదు. లోకల్ నెట్‌వర్క్‌ను చూడనివ్వమనే గడి ఉంటే అందులో టిక్కు తీసేయండి. చుట్టాల ఫోన్లకూ, వైఫై బల్బులకూ ఇది సరిపోతుంది. కాని ఈ డబ్బాల్లో గెస్ట్ అనేది మామూలుగా వైఫైకి మాత్రమే ఉంటుంది, తీగ పోర్టులకు ఉండదు. అంటే డీవీఆర్ ఆఫీసు వైపే మిగిలిపోతుంది. ఇంకో లొసుగు: ఒక రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టి దానిలో గెస్ట్ తెరిస్తే, చాలా మోడళ్లలో అది పేరుకే గెస్ట్. దారి చూపించే పని దాని చేతిలో లేదు కాబట్టి ఆపే పనీ దాని చేతిలో లేదు.

రెండో దారి రెండు రౌటర్లు. ఇక్కడే ఆ తప్పుడు గీత అసలు నష్టం చేస్తుంది. కొత్త రౌటర్ కొంటారు. దాని వైఫై బాగుంటుంది కాబట్టి ఇంటి వైఫై అంతా దానికిస్తారు. ఆఫీసు తీగలు పాత డబ్బాలోనే ఉంచుతారు. కొత్తదాన్ని డబ్బా వెనక తగిలిస్తారు. తీగా వైఫై విడిపోయాయని నిశ్చింతగా ఉంటారు. జరిగింది తలకిందులు. వెనకున్న రౌటర్ బయటివాళ్లను లోపలికి రానివ్వదు, లోపలివాళ్లను బయటికి పోనిస్తుంది. ఇప్పుడు లోపలున్నవి చుట్టాల ఫోన్లు, టీవీ. బయటున్నది ఆఫీసు. ఫోన్లు ఆఫీసు ఫోల్డర్లను తెరవగలవు, ఆఫీసు మాత్రం వాటిని చూడలేదు.

క్రమం ఇలా ఉండాలి. కంపెనీ డబ్బా ముందు, దాని వైఫై ఇంటికీ వస్తువులకూ. డీవీఆర్ తీగ కూడా ఈ డబ్బాకే. ఈ డబ్బా లాన్ పోర్టు నుంచి ఒక తీగ తీసి కొత్త రౌటర్ వాన్ పోర్టులో (ఇంటర్నెట్ తీగ గుచ్చే చోట) పెట్టండి. ఆఫీసు తీగలు, ఆఫీసు వైఫై అంతా ఈ రెండో రౌటర్ వెనక. డబ్బా 192.168.1 వరస పంచుతుంటే దీనికి 192.168.50 లాంటి వేరే వరస ఇవ్వాలి. రెండు వైపులా ఒకే వరస ఉంటే ఏది ఎటు పంపాలో రౌటర్‌కే తెలియక ఇంటర్నెట్ రాదు. తీగను వాన్‌లో కాకుండా పొరపాటున లాన్‌లో పెడితే రెండూ ఒకే నెట్‌వర్క్‌గా కలిసిపోతాయి, చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్లు రెండవుతాయి. కొన్ని కంప్యూటర్లకు ఒకటి, కొన్నిటికి ఇంకొకటి జవాబిస్తుంది. ఉదయం పనిచేసింది మధ్యాహ్నం చేయదు. కేబుల్ కుర్రాడికి ఫోన్ చేస్తే "లైను బాగానే ఉంది" అంటాడు, లైను నిజంగానే బాగుంటుంది కూడా.

రెండుసార్లు నాట్ (లోపలి చిరునామాలన్నిటినీ బయటి ఒక్క చిరునామాగా మార్చడం) అవుతుంది కదా అని కొందరు భయపడతారు. బ్రౌజింగుకూ, వీడియో కాల్సుకూ, జీఎస్టీ పోర్టల్‌కూ దానితో ఇబ్బంది లేదు. బయటినుంచి ఇంట్లోకి పోర్టు తెరవాలంటేనే ఇబ్బంది. కంపెనీ డబ్బా వాన్ చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు కంపెనీవాళ్ల ఉమ్మడి నాట్ వెనక ఉన్నట్టు, ఎలాగూ పోర్టు తెరుచుకోదు. ఈ ఏర్పాటులో ఒక బలహీనత మాత్రం ఉంది: ఆఫీసు ట్రాఫిక్ ఇంటి నెట్‌వర్క్ మీదుగా బయటికి పోవాలి. అక్కడ చెడిన పరికరం ఉంటే తానే గేట్‌వేనని (బయటికి పోయే దారినని) అబద్ధం చెప్పి మధ్యలో కూర్చోగలదు. హెచ్‌టీటీపీఎస్, వీపీఎన్ (సమాచారాన్ని గుప్తంగా పంపే పద్ధతులు) లోపలి సమాచారాన్ని కాపాడతాయి, అయినా తెలిసి ఉండాలి.

రెండు కంపెనీల కనెక్షన్లు ఉన్నవాళ్లకు, ఫైబర్ ఒకటీ 5జీ డబ్బా ఒకటీ అనుకోండి, ఆఫీసు ఒకదాని మీద, ఇల్లు ఇంకోదాని మీద పెట్టడం అన్నిటికంటే గట్టి విడదీత. ఎక్కడా ఒక్క తీగ కూడా రెండిటినీ కలపకూడదు, అంతే. ప్రతి నెలా 20న జీఎస్టీఆర్-3బీ గడువు ఉన్న ఆఫీసుకు రెండో లైను ఎలాగూ అవసరమే. ఫైబర్ తెగిన రోజు కంప్యూటర్‌ను తాత్కాలికంగా రెండోదానికి మార్చుకోవచ్చు, పని అయ్యాక వెనక్కి తేవడం మరవకూడదు.

వీలాన్‌తో చేస్తే

సరిగ్గా చేయాలనుకునేవాళ్లకు దారి వీలాన్, అంటే ఒకే స్విచ్, ఒకే తీగ మీద విడివిడి నెట్‌వర్కులు నడిపే ఏర్పాటు. దాని ప్రమాణం పేరు 802.1క్యూ. మూడు సామాన్లు కావాలి: వీలాన్ తెలిసిన రౌటర్, మైక్రోటిక్ హెక్స్ లాంటిదో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్) ఎక్కించగలిగినదో, ఎనిమిది పోర్టుల స్మార్ట్ స్విచ్, ఒక్కో వైఫై పేరుకు ఒక్కో వీలాన్ ఇవ్వగల యాక్సెస్ పాయింట్. ఇవి మన ఊరి షాపుల్లో దొరక్కపోతే విశాఖ నుంచి తెప్పించుకోవాలి. "స్విచ్" అని మాత్రమే చెప్తే మామూలుదే వస్తుంది, పెట్టె మీద 802.1క్యూ ఉందో లేదో చూసి తీసుకోండి. కంపెనీ డబ్బాను బ్రిడ్జ్ మోడ్‌లో (దారి చూపే పని మీ రౌటర్‌కు వదిలేసేలా) పెట్టి ఇస్తారేమో అడగండి. పీపీపీఓఈ (లాగిన్‌తో నడిచే) లైనైతే యూజర్ నేము, పాస్‌వర్డు, వాళ్ల వైపు వీలాన్ నంబరు మూడూ రాయించుకోండి. ఇవ్వకపోతే డబ్బా వెనకే మీ రౌటర్ పెట్టి, డబ్బా వైఫై ఆపేయండి.

ఆఫీసుకు వీలాన్ 10, చిరునామాలు 192.168.10 వరస. ఇంటికి 20, వస్తువులకు 30, అలాగే వరసలు. నంబరు చూడగానే ఎవరిదో తెలియాలి. స్విచ్‌లో ఒకటో పోర్టు రౌటర్‌కు: 10, 20, 30 మూడూ ట్యాగ్డ్, అంటే ప్రతి ప్యాకెట్టు మీదా వీలాన్ నంబరు చీటీ ఉంటుంది; అన్‌ట్యాగ్డ్ అంటే చీటీ ఉండదు. రెండు నుంచి నాలుగు వరకు ఆఫీసు కంప్యూటర్లు, ఐదు ప్రింటరు: 10 అన్‌ట్యాగ్డ్, పీవీఐడీ (చీటీ లేకుండా లోపలికి వచ్చేవాటికి ఇచ్చే వీలాన్ నంబరు) 10. ఆరు డీవీఆర్, లేదా కెమెరాల పీఓఈ స్విచ్: 30 అన్‌ట్యాగ్డ్, పీవీఐడీ 30. ఏడు యాక్సెస్ పాయింట్: 10 అన్‌ట్యాగ్డ్, పీవీఐడీ 10, మిగిలిన రెండూ ట్యాగ్డ్. అప్పుడు యాక్సెస్ పాయింట్ సెట్టింగు పేజీ ఆఫీసు వైపు వస్తుంది, ఆఫీసు వైఫై పేరుకు వీలాన్ నంబరు రాయక్కర్లేదు. ఎనిమిదో పోర్టును వీలాన్ 1లో ముట్టుకోకుండా వదలండి. ఏదైనా తప్పి స్విచ్ పేజీ తెరుచుకోకపోతే లోపలికి పోవడానికి అదే దారి. సెట్టింగులు మార్చేటప్పుడు మీ ల్యాప్‌టాప్ కూడా ఆ పోర్టులోనే ఉండాలి. అది కూర్చున్న పోర్టునే మారిస్తే మధ్యలో తెగిపోతుంది.

ఎక్కువమంది ఆగిపోయేది పీవీఐడీ దగ్గర. అన్‌ట్యాగ్డ్ అన్నది పోర్టులోంచి బయటికి పోయేవాటికి నియమం. పీవీఐడీ లోపలికి వచ్చేవాటికి. మొదటిది 30 చేసి రెండోదాన్ని 1గానే వదిలేస్తే, డీవీఆర్ చిరునామా కోసం వేసిన కేక వీలాన్ 1లోకి పోతుంది. అక్కడ జవాబిచ్చేవాడు లేడు. అదే పోర్టులో ల్యాప్‌టాప్ పెట్టి చూస్తే 169.254తో మొదలయ్యే చిరునామా కనిపిస్తుంది. అది కనిపించినప్పుడు తీగను అనుమానించకముందే పీవీఐడీ చూడండి.

ఇక రౌటర్ నియమాలు. వీలాన్లు విడదీయగానే పని అయిపోయిందనుకోవద్దు. చాలా రౌటర్లు తమకు తెలిసిన నెట్‌వర్కులన్నిటి మధ్యా అడక్కుండానే దారి ఇచ్చేస్తాయి. మొదట, ఇదివరకే మొదలైన సంభాషణలకు జవాబులను రానివ్వాలి. తరువాత ఆఫీసు నుంచి వస్తువులకు అనుమతి. వస్తువుల నుంచి ఆఫీసుకూ ఇంటికీ నిషేధం. ఇంటి నుంచి ఆఫీసుకు నిషేధం, ప్రింటరు ఒక్కదానికి 9100, 631 పోర్టుల్లో మినహాయింపు. రౌటర్‌ను చేరే దారికి విడిగా నియమాలు రాయాలి. వస్తువుల వైపు నుంచి 192.168.30.1ను మూసినంత మాత్రాన రౌటర్ సెట్టింగు పేజీ మూసుకోదు, ఆ రౌటర్‌కే 192.168.10.1 అనే ఇంకో చిరునామా ఉంది. అంతా ఒక్కసారే మూసేస్తే డీహెచ్‌సీపీ యూడీపీ 67, డీఎన్‌ఎస్ 53 కూడా మూసుకుపోయి ఏదీ పనిచేయదు. ఆ రెండూ తెరిచి, మిగిలినది మూయండి.

ఐపీవీ6ను (192.168 లాంటి ఐపీవీ4 చిరునామాలతో పాటు నడిచే కొత్త రకం చిరునామాల పద్ధతి) మరిచిపోయేవాళ్లు మరీ ఎక్కువ. మన ఫైబర్ కంపెనీల్లో ఐపీవీ6 ఇచ్చేవి ఉన్నాయి. మైక్రోటిక్‌లో దాని నియమాలు విడి పేజీలో ఉంటాయి. ఐపీవీ4 గుమ్మాలన్నీ మూసి ఐపీవీ6ను వదిలేస్తే డీవీఆర్ అటునుంచి వస్తుంది. రెండు వైపులా నియమాలు రాయడం కుదరకపోతే వస్తువుల వీలాన్‌లో ఐపీవీ6ను ఆపేయండి.

ప్రింటరు ఆఫీసులోనే, తీగతోనే ఉండాలని గట్టిగా చెప్తాను. ఫోన్లు ప్రింటర్‌ను వెతికే ఎండీఎన్‌ఎస్ కేక 224.0.0.251 అనే చిరునామాకు పోతుంది, అది వీలాన్ గీత దాటదు. ఇంట్లోవాళ్ల ఫోన్‌లో ప్రింటరు మాయమయ్యేది అందుకే. రౌటర్‌లో ఎండీఎన్‌ఎస్ రిపీటరు ఉంటే 10, 20 మధ్య పెట్టండి, లేదా ప్రింటరుకు చిరునామా రిజర్వు చేసి ఆ అంకెలతోనే జోడించండి. స్కాన్‌ను నేరుగా ఫోల్డరులోకి పంపే పద్ధతిలో ప్రింటరే కంప్యూటరును పిలవాలి. ప్రింటరును వస్తువుల వైపు తోసేసినవాళ్లకు స్కానింగు ఆగిపోయేది అక్కడే.

టాలీ లైసెన్సు ఉన్న కంప్యూటరు, డేటా ఉన్న కంప్యూటరు, వాడే కంప్యూటర్లు అన్నీ వీలాన్ 10లోనే ఉంచండి. వీలాన్ల మధ్య వెళ్లే ప్రతి బైటూ రౌటర్ గుండా పోవాలి, చిన్న రౌటర్ దగ్గర అది ఇరుకు. చిరునామాల వరస మారగానే విండోస్ దీన్ని కొత్త నెట్‌వర్క్ అనుకుని "పబ్లిక్" అని పెట్టేస్తుంది, ఫైల్ షేరింగు మూసుకుంటుంది. దాన్ని "ప్రైవేట్" చేస్తే సరిపోయేదానికి మొత్తం వీలాన్ల పనినే వెనక్కి తీసేసేవాళ్లున్నారు.

కెమెరాలకు ఇంటర్నెట్ ఇవ్వాలా అన్నది మీ అవసరాన్ని బట్టి. ఊరెళ్లినప్పుడు ఫోన్‌లో చూడాలంటే ఇవ్వాలి. అక్కర్లేకపోతే ఆపండి. ఆపితే మాత్రం గడియారం మెల్లగా తప్పుతుంది, దొంగతనం జరిగిన రోజు రికార్డింగు మీద టైము తేడాగా ఉంటుంది. రౌటర్‌నే టైము సర్వర్‌గా పెట్టి యూడీపీ 123ను దానివరకు తెరవండి.

పరీక్ష

పెట్టినదాన్ని నమ్మకండి, చూడండి. డీవీఆర్ తీగ తీసి అదే పోర్టులో ల్యాప్‌టాప్ పెట్టండి. 192.168.30 వరస చిరునామా రావాలి. 192.168.30.1కు పింగ్ (ఉన్నావా అని పిలిచి జవాబు చూడడం) చేయనిచ్చారా లేదా అన్నది మీ నియమాన్ని బట్టి, కాని ప్రింటరు చిరునామాకు పింగ్ పోకూడదు, బ్రౌజర్‌లో 192.168.10.1 తెరుచుకోకూడదు. ఆఫీసు విండోస్ కంప్యూటరుకు పింగ్ చేసి, జవాబు రాలేదని సంతోషపడకండి. విండోస్ ఫైర్‌వాల్ వేరే వరసనుంచి వచ్చే పింగ్‌కు మామూలుగానే జవాబివ్వదు, మీ నియమం లేకపోయినా అలాగే ఉంటుంది. ఆఫీసులోంచి పింగ్‌కు జవాబిచ్చే ప్రింటరునే గురిగా పెట్టుకోండి. ఫోన్‌లోని నెట్‌వర్క్ స్కానర్ ఆప్‌లు కూడా మామూలుగా తమ వరసనే వెతుకుతాయి. వాటిలో ఆఫీసు కనిపించకపోవడం దారి మూసుకుందనడానికి రుజువు కాదు.

తరువాత మెయిన్ స్విచ్ ఆపి, ఐదు నిమిషాలాగి వేసి, ఇవే పరీక్షలు మళ్లీ చేయండి. కొన్ని స్మార్ట్ స్విచ్‌లలో మార్చిన సెట్టింగు విడిగా "సేవ్" నొక్కితేగాని నిలవదు. కరెంటు పోయి వస్తే పాత స్థితికి పోతుంది, అంటే అన్నీ మళ్లీ ఒకే నెట్‌వర్క్. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ చూసిన ప్రాంతంలో కరెంటు పోదని ఏ సెట్టింగునూ వదలకూడదు. డబ్బా, రౌటర్, స్విచ్ మూడూ ఇన్వర్టరు లైను మీద పెట్టండి. సెట్టింగుల బ్యాకప్ ఫైలును పెన్‌డ్రైవులో ఉంచండి. ఏ పోర్టు ఎవరిదో ఒక కాగితం మీద రాసి స్విచ్ పక్కన అతికించండి, తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి. మీరు ఇంట్లో లేనప్పుడు వచ్చే లైన్‌మన్ ఖాళీగా కనిపించిన ఎనిమిదో పోర్టులో టీవీ తీగ గుచ్చకుండా, దాని పక్కన "ఇది వాడకూడదు" అని రెండు లిపుల్లోనూ రాయండి.